నొప్పికి ఇంగ్లీషులో ఏమంటారు?

విదేశం పోయే పిల్లకు పెట్టె సర్దడంలో మన ఇళ్లల్లోని ఆడవాళ్లను మించినవాళ్లు లేరు. 23 కిలోల లెక్క తప్పకుండా కారప్పొడులు, పచ్చళ్లు, సకినాలు, ఒక గద్వాల చీర, కుక్కరుకు అదనంగా ఇంకో రబ్బరు... వనపర్తిలో మా వీధిలోనే నాలుగిళ్ల పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. గద్వాలలో మా అత్తగారి వైపు, నాగర్‌కర్నూలులో మా పుట్టింటి వైపు లెక్కేస్తే రెండు చేతుల వేళ్లు చాలవు. వాళ్ల పెట్టెలన్నీ దాదాపు చూశాను. జ్వరం గోళీలుంటాయి, తలకు రాసుకునే బామ్ ఉంటుంది, వాము పొట్లం ఉంటుంది. కానీ "ఒంట్లో బాగలేకపోతే అక్కడ ఎవరి దగ్గరికి పోతావు? ఏ భాషలో చెప్పుకుంటావు?" అని అడిగినవాళ్లను మాత్రం చూడలేదు. ఎవరైనా అడిగినా జవాబు ఒక్కటే. "ఇంగ్లీషు వచ్చు కదా!"

మనకు వచ్చు, సరే. డాక్టరుకు రావద్దూ?

మావారి ఉద్యోగం మీద ఇద్దరు పిల్లలతో మూడేళ్లు జర్మనీలో ఉండి వచ్చాం. స్టుట్‌గార్ట్ నగరం పక్కన ఒక చిన్న ఊరు. నేను తెలుగు మీడియంలో చదువుకుని డిగ్రీ చేసినదాన్ని. ఇంగ్లీషు పేపరు చదువుతాను, బ్యాంకులో ఫారాలు నింపుతాను, నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడతాను. జర్మనీలో ఇంగ్లీషు తెలిసిన డాక్టర్లు బోలెడుమంది ఉంటారని పోకముందే అందరూ చెప్పారు. అది అబద్ధం కాదు కూడా. కానీ డాక్టరు దాకా చేరితే కదా! ఫోను ఎత్తేది డాక్టరు కాదు, ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి. చాలాచోట్ల ఆమెకు జర్మన్ తప్ప మరో భాష రాదు. మనం "ఇంగ్లీష్?" అంటాం. ఆమె గబగబా ఏదో చెప్పేస్తుంది. అవతల టక్కున పెట్టేసిన చప్పుడు.

ఫోను కన్నా మనిషి పోవడం మేలని నాకు తొందరగానే తెలిసింది. ఇన్సూరెన్సు కార్డు పట్టుకుని పొద్దున్నే పోయి బల్ల ముందు నిలబడితే, తేదీ, టైము కాగితం మీద రాసి ఇస్తారు. రాసి ఇవ్వమని అడగడం మంచిది. ఎందుకంటే జర్మన్‌లో రెండున్నరను "సగం మూడు" అంటారు. చెవితో విని మూడున్నరకు పోయినవాళ్లు నాకు తెలుసు. బుధవారం మధ్యాహ్నం చాలా క్లినిక్కులు మూసే ఉంటాయి. అదొక వింత.

మన దగ్గర కడుపు నొస్తే కడుపు డాక్టరు, చెవి నొస్తే చెవి డాక్టరు అని నేరుగా పోతాం. అక్కడ ముందు ఇంటి డాక్టరు. అవసరమైతే పెద్ద డాక్టరుకు చీటీ రాసిచ్చేది ఆ డాక్టరే. ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి, పిల్లల డాక్టరు దగ్గరికి మాత్రం చీటీ లేకుండా పోవచ్చు. భర్తకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే, సంపాదన లేని భార్యకూ పిల్లలకూ అదే వర్తిస్తుంది, వేరే కట్టక్కర్లేదు. ప్రాణం మీదికి వస్తే 112. రాత్రిపూటో ఆదివారమో జ్వరం వచ్చింది, అంత ప్రమాదమేమీ కాదు, కానీ తెల్లవారేదాకా ఆగలేం అనుకుంటే 116117. ఈ 116117 వాళ్ల డాక్టర్ల జాబితాలో ఏ డాక్టరుకు ఏ భాష వచ్చో కూడా వెతుక్కోవచ్చు. నాకు మాత్రం అసలు సాయం చేసింది మందుల షాపు. ఎర్రటి "ఆ" అక్షరం బోర్డు పెట్టి ఉంటుంది. లోపల ఉండేవాళ్లు చదువుకున్నవాళ్లు, ఇంగ్లీషు చాలామందికి వస్తుంది. పైగా ఆ ఊళ్లో ఏ డాక్టరు ఎట్లా మాట్లాడతాడో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

కాలంటే ఏ కాలు?

ఇంగ్లీషు డాక్టరు దొరికాడని సంబరపడ్డాను. మొదటిసారి కాలు నొప్పితోనే పోయాను. ఆయన అడిగాడు, "లెగ్గా? ఫుట్టా?" అని. మనకు తుంటి నుంచి బొటనవేలి దాకా అంతా కాలే! చేయి కూడా అంతే, భుజం నుంచి వేళ్ల దాకా ఒకటే మాట. చేత్తో చూపించి చెప్పాను. ఆయన నవ్వి ఒక ముచ్చట చెప్పాడు. ఆ ప్రాంతపు పల్లెజనం మాట్లాడే ష్వేబిష్ యాసలోనూ మొత్తం కాలిని "ఫూస్" అనే అంటారట. పుస్తకాల జర్మన్‌లో ఫూస్ అంటే పాదం మాత్రమే. ఇతర ప్రాంతాల నుంచి వచ్చిన డాక్టర్లు ఆ ముసలివాళ్ల దగ్గర తికమక పడతారట. ఆ పూట నాకు ధైర్యం వచ్చింది. యాస మనకొక్కరికే లేదు!

ఆలోచిస్తే ఆ డాక్టరుకూ ఇంగ్లీషు రెండో భాషే, నాకూ రెండో భాషే. పుస్తకాల్లో చదివిన జబ్బుల పేర్లు ఆయనకు ఇంగ్లీషులో తెలుసు. నొప్పి పేర్లు ఇద్దరికీ తెలియవు. మన పాలమూరు ఆడవాళ్లు నొప్పిని ఎన్ని రకాలుగా చెప్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. కాళ్లు గుంజుతున్నయి. నడుము పట్టేసింది. తల పోటు పెడుతున్నది. గాయం సలుపుతున్నది. కడుపుల దేవుతున్నది. పన్ను జివ్వుమంటున్నది. నరం లాగుతున్నది. గుండె దడదడ అంటున్నది. వీటన్నిటికీ ఇంగ్లీషులో నాకు తెలిసింది ఒక్కటే మాట, పెయిన్. ఇన్ని రంగుల దారాలనూ ఒక్క తెల్ల దారంతో కుట్టినట్టు.

ఇక "వేడి చేసింది" అంటే ఏం చెప్తాం? డాక్టరు జ్వరం చూస్తాడు, ఉండదు. దాన్ని విడదీసి చెప్పుకోవాలి. నోట్లో పూత వచ్చిందా, మూత్రం మంటగా ఉందా, కళ్లు మండుతున్నాయా, ఎన్ని రోజుల నుంచి? ఫోనులో తెలుగు రాస్తే జర్మన్‌లో చెప్పే సదుపాయాలు ఇప్పుడున్నాయి. కాని దానికి కూడా ముందు మనం విడమర్చి చెప్తేనే! లోపల ఏం జరుగుతున్నదో మనకు మనం పలకాలి. ఆ పని మనం ఎన్నడూ చేయలేదు. ఊళ్లో డాక్టరమ్మకు "వేడి చేసింది" అంటే చాలు కదా.

ఇది మన అజ్ఞానమని ఎవరైనా అంటే ఒప్పుకోను. 1988లో లిన్ పేయర్ అనే అమెరికన్ జర్నలిస్టు "మెడిసిన్ అండ్ కల్చర్" అని ఒక పుస్తకం రాసింది. అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు, అప్పటి పశ్చిమ జర్మనీ వైద్యాలను పోల్చి చూసింది. ఫ్రెంచివాళ్లు ఏ నలత వచ్చినా కాలేయం మీద పెడతారట. జర్మన్లు లో బీపీని కూడా జబ్బుగా చూసి మందులిస్తారట, అదే బీపీని పక్క దేశం డాక్టరు అసలు పట్టించుకోడట. జర్మన్లు రోజూ వాడే మాట ఒకటుంది, "క్రైస్‌లౌఫ్". రక్త ప్రసరణ అని అర్థం. కళ్లు తిరిగినా క్రైస్‌లౌఫే, నీరసమైనా క్రైస్‌లౌఫే. మన "వేడి"కి ఏం తీసిపోయింది? నడుము పట్టేస్తే వాళ్లనే మాటకు అచ్చమైన అర్థం "మంత్రగత్తె వేసిన బాణం"!

అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. మనం జ్వరం ఫారన్‌హీట్‌లో చెప్తాం, అక్కడ సెల్సియస్. మా పక్క ఊళ్లో ఒక తెలుగు అమ్మాయి పిల్లాడికి "102" అంటే నర్సు కళ్లు పెద్దవి చేసిందట. 102 అంటే అక్కడ 38.9. నేను మా ఇంట్లో గోడకు కాగితం అంటించి పెట్టుకున్నాను: 100 అంటే 37.8, 104 అంటే 40. షుగరు లెక్క కూడా కొన్ని దేశాల్లో వేరు. బ్రిటన్‌లో మన 180ని 10 అంటారు, మన అంకెను 18తో భాగించాలి. మందుల పేర్లు కూడా అంతే. మనకు అలవాటైన బ్రాండు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. పారసిటమాల్ అంటే జర్మనీలో తెలుస్తుంది. అదే మందును అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. చీటీ మీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరు ఉండాలి.

ఆమెకేం లేదు, కొంచెం నీరసం

రెండో ఏడు నాకు ముట్టు ఎక్కువ కావడం మొదలైంది. తొమ్మిది, పది రోజులు. మెట్లెక్కితే ఆయాసం. మావారు మంచి మనిషి, సెలవు పెట్టి వెంట వచ్చారు. డాక్టరు మగాయన, ఇంగ్లీషు బాగానే వచ్చు. "ఏమైంది?" అని నన్నే అడిగాడు. నేను మావారి ముఖం చూశాను. మావారు చెప్పారు: "కొంచెం వీక్‌నెస్, పనెక్కువ." ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసినంత చెప్పారు. మన ఇళ్లల్లో మొగుడికి ఈ విషయం ఎంత తెలుస్తుందో మీకు చెప్పాలా? ఎన్ని గుడ్డలు మార్చానో, గడ్డలు గడ్డలుగా పోతున్నదో ఆయనకు నేను ఏ భాషలోనూ చెప్పలేదు. తెలుగులోనే చెప్పనిది ఆయన ఇంగ్లీషులో ఎట్లా చెప్తారు? వేడి వేడి టీ తాగి విశ్రాంతి తీసుకోమన్నారు.

నెల తర్వాత మందుల షాపామెను అడిగి ఆడడాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. పోయే ముందు రాత్రి కూర్చుని కాగితం మీద రాసుకున్నాను. ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తున్నది, ఇద్దరు పిల్లల కాన్పులు ఎట్లా జరిగాయి. చిన్న చిన్న వాక్యాలు, వ్యాకరణం సంగతి వదిలేశాను. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఇంకేం అడగకుండా రక్తం తీయించింది. హిమోగ్లోబిన్ ఏడు! స్కాను చేస్తే గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు. అదే కాగితం నెల ముందు చేతిలో ఉంటే మొదటి డాక్టరుకూ అర్థమయ్యేదే. ఆయన కూడా డాక్టరే, చెప్పేవాళ్లు లేకపోయారు.

ఒక మాట చెల్లెళ్లకు ముందే చెప్పి ఉంచుతాను. అక్కడి ఆడడాక్టరు దగ్గర పరీక్షకు కప్పుకోవడానికి గుడ్డ ఇవ్వరు. పొడుగు కుర్తాయో, వదులు లంగాయో వేసుకుని పోతే మనకు కొంత నిబ్బరంగా ఉంటుంది.

మా పిల్ల బడి గేటు దగ్గర ఒక తుర్కీ పెద్దావిడ పరిచయమైంది. తుర్కీతో జర్మనీ 1961లో ఒప్పందం చేసుకుని కూలీలను రప్పించింది. ఆ వెనక వాళ్ల ఆడవాళ్లూ వచ్చారు, ఫ్యాక్టరీల్లో పనిచేశారు. ఒళ్లంతా నొప్పి అని దవాఖానకు పోతే, చెప్పేది అర్థంకాని కొందరు జర్మన్ డాక్టర్లు దానికొక పేరు పెట్టారు: "మోర్బుస్ బోస్పోరుస్". ఇస్తాంబుల్ ఊళ్లోని జలసంధి పేరు మీద, బోస్పోరస్ జబ్బు అని! ఇటలీవాళ్లకైతే "మామ్మా మియా సిండ్రోమ్". చదివి నాకు ఒళ్లు మండింది. నొప్పి అర్థం కాకపోతే అర్థం కాలేదనాలి గాని, ఆ మనిషి దేశాన్నే జబ్బు చేస్తారా?

ఆ తరం తుర్కీ తల్లులకు దుబాసీలుగా పోయింది వాళ్ల బడిపిల్లలే. ఇది మాత్రం కూడదని నా గట్టి అభిప్రాయం. పిల్లలకు భాష తొందరగా వస్తుంది, నిజమే. మా పాప కూడా ఏడాదిలో గడగడా మాట్లాడింది. అంతమాత్రాన అమ్మ ముట్టు సంగతి, అమ్మ గడ్డ సంగతి ఎనిమిదేళ్ల పిల్ల నోటితో చెప్పించాలా? అమెరికాలో 2010 ఆరోగ్య చట్టం కింద 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రాణాపాయం వంటి అత్యవసరంలో తప్ప చిన్నపిల్లలను దుబాసీలుగా వాడుకోకూడదు. దుబాసీని దవాఖానే ఏర్పాటు చేయాలి. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యంలో దుబాసీకి రోగి డబ్బు కట్టక్కర్లేదు. ఆస్ట్రేలియాలో 131450కి ఫోన్ చేస్తే ప్రభుత్వ దుబాసీ సేవ ఉంది. జర్మనీలో మామూలు బీమా దుబాసీ ఖర్చు ఇవ్వదు. కాబట్టి అక్కడ కాగితమే దుబాసీ. లేదా అదృష్టం బాగుంటే ఒక మలయాళీ నర్సు. 1960లలోనే కేరళ అమ్మాయిలు జర్మనీ దవాఖానలకు పోయారు. ఇప్పుడు మన తెలంగాణ నుంచి కూడా టామ్‌కామ్ వాళ్లు జర్మన్ నేర్పించి నర్సులను పంపుతున్నారు.

మన దవాఖానలో పరాయివాళ్లు

ఇంటికి తిరిగొచ్చాక ఇవన్నీ ఇక్కడా కనిపించడం మొదలుపెట్టాయి. గద్వాల కృష్ణా, తుంగభద్రల నడుమ ఊరు. ఆ నడిగడ్డవాళ్లకు పెద్ద జబ్బు చేస్తే కర్నూలు పోతారు, లేదంటే రాయచూరు. 1956 దాకా గద్వాల, రాయచూరు ఒకే హైదరాబాదు రాష్ట్రం. ఇప్పుడు అటు కన్నడం, ఇటు తెలుగు. మా అత్తగారి తల్లి రాయచూరు డాక్టరు దగ్గర దర్జాగా "హొట్టె నోవు" అనేది. పొట్ట, నొప్పి అనే మన మాటలే కదా, పకారం హకారమైంది, అంతే. పాలమూరు నుంచి బొంబాయి, పుణె పోయిన కూలి తల్లులకు మాత్రం అంత సులువుగా జరగలేదు.

మొన్న మా వైపు ఒక దవాఖానలో లైనులో నిలబడ్డాను. నా ముందు తండా నుంచి వచ్చిన లంబాడీ అవ్వ. పక్కన పదేళ్ల మనమరాలు. డాక్టరు తెలుగులో అడుగుతున్నాడు, పిల్ల లంబాడీలో చెప్తున్నది, అవ్వ ఏదో గొణుగుతున్నది, పిల్ల తల వంచుకుని "ఏం లేదంటుంది సార్" అన్నది. ఏం లేకపోతే అవ్వ అంత దూరం ఎందుకొస్తుంది?

2022లో వనపర్తికి, నాగర్‌కర్నూలుకు, 2024లో గద్వాలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రభుత్వ సీట్లలో నూటికి 15 దేశమంతటికీ కనుక ఎక్కడెక్కడి పిల్లలో మన ఊళ్లకు డాక్టరు చదువుకు వస్తున్నారు. 2019 నుంచి మొదటి ఏడాది పాఠాల్లో స్థానిక భాష నేర్పడం కూడా చేర్చారు. సంతోషమే. అక్కడ మనం ఇంగ్లీషు వచ్చిన డాక్టరు కోసం వెతుకుతాం. ఇక్కడ ఆ రాజస్థాన్ పిల్లాడు, కేరళ పిల్ల ఇంగ్లీషు వచ్చిన డాక్టర్లే. కాని మన అవ్వలకు కావలసింది "గుంజుతున్నది" అంటే తెలిసిన డాక్టరు. ఆ మాటలు ఏ పుస్తకంలో నేర్పుతారో!

మా వదిన కూతురికి ఇప్పుడు అయిదో నెల. వచ్చే నెల మొగుడితో మ్యూనిక్ పోతున్నది. పెట్టె సంగతి వదిన చూసుకుంటున్నది గనక నేను నోటుపుస్తకం పని పెట్టుకున్నాను. గద్వాలలో వాళ్లింటి మంచం మీద ముగ్గురం కూర్చున్నాం. మొదటి పేజీలో రక్తం గ్రూపు, పడని మందులు, ఆఖరి ముట్టు తేదీ, స్కాన్ల తేదీలు. అక్కడ నెలలు లెక్కపెట్టరు, వారాలు లెక్కపెడతారు. అందుకని "అయిదో నెల" అని కాక ఎన్నో వారమో రాశాం. కడుపుతో ఉన్నవాళ్లకు అక్కడ "ముట్టర్‌పాస్" అని చిన్న పుస్తకం ఇస్తారు. అన్ని పరీక్షలూ అందులోనే రాస్తారు, అది ఎప్పుడూ సంచిలో ఉండాలని చెప్పాను. కాన్పు తర్వాత మంత్రసాని ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనూ చూసిపోతుంది. మొదటి పది రోజులు రోజూ రావచ్చు, బీమాలోనే. ఆ మంత్రసానిని మాత్రం ఇప్పటి నుంచే వెతుక్కోవాలి, ఇంగ్లీషు వచ్చినవాళ్లు తొందరగా నిండిపోతారు. అది విని వదినకు కొంచెం ఊపిరి వచ్చింది.

తర్వాతి పేజీ మధ్యన గీత గీసి, ఎడమ పక్క మన మాటలు, కుడి పక్క ఇంగ్లీషు రాయడం మొదలుపెట్టాం. వదిన చెప్తూ పోయింది, పిల్ల రాస్తూ పోయింది. దేవుడు, గుంజుడు, సలుపు, తిమ్మిరి, నడుము పీకుడు...

"అత్తా, గుబులుకు ఏం రాయాలె?" అన్నది పిల్ల.

"అది డాక్టరుకు ఎందుకే? నాకు ఫోన్ చెయ్యి" అన్నది వదిన.

రాయమన్నాను. నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తున్నది, భయమేస్తున్నది, ఇన్ని రోజుల నుంచి, అని నాలుగు ముక్కలు. కాన్పైన వాళ్లను అక్కడ ఇది కూడా అడుగుతారు. అడిగినప్పుడు మొగుడి ముఖం చూడొద్దని పిల్లకు చెప్పాను. వదిన ఏమనలేదు.

పురిటికి పోయేది వదినే. వీసాకు 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. ఉన్న షుగరు జబ్బుకు అలాంటి బీమాలు చాలావరకు వర్తించవు. అందుకని ఆమె కోసం ఇంకో పుస్తకం మొదలుపెట్టాం. ఆమె గోళీల అసలు పేర్లు రాయించుకోవడానికి సోమవారం డాక్టరమ్మ దగ్గరికి పోవాలి.